మూడో గుండీ ఎత్తున

నూకరాజు నాలుగడుగుల పది అంగుళాల మనిషి. ఆ ఎత్తు పుట్టిన దగ్గర్నుంచి అతనికి ఏ రకంగానూ పనికిరాలేదు. పోలీసు ఉద్యోగానికి వెళ్తే గోడ మీద గీసిన గీత దగ్గరే వెనక్కి పంపేశారు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల అతనికన్నా జానెడు పొడుగుందని ఇరువైపుల పెద్దలూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆ పిల్లే, వీరవేణి, "పరవాలేదు, అటక మీద సామాన్లు నేను దింపుకుంటాను" అనడంతో పెళ్ళయింది. ఆ తర్వాత నగరపాలక సంస్థలో టేపు పట్టుకునే ఉద్యోగం దొరికింది. టేపు ఒక కొస ఓవర్సీరు చేతిలో ఉంటే రెండో కొస నూకరాజు చేతిలో ఉండేది. ఆ కొసను ఇరవై రెండేళ్ళపాటు వదలకుండా పట్టుకున్నాడు. అలాంటి మనిషి ఛాతీ మీద ఒకనాడు ఊళ్ళోని చెట్లన్నీ ఆధారపడతాయని అతనికే కాదు, ఎవరికీ తోచలేదు.

ఊరి పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు. గోదావరి కాలవ పక్కన ఉంటుందని చెప్పుకుంటే చాలు. ఆ ఊళ్ళో కచేరీ రోడ్డు పొడుగునా ముప్పై ఏడు నిద్రగన్నేరు చెట్లున్నాయి. ఎవరో పాతకాలపు తాసిల్దారు నాటించినవి. రోడ్డుకి ఈ పక్క కొమ్మలు ఆ పక్క కొమ్మల్ని అందుకుని, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా గొడుగు మూసుకుని నడవగలిగేట్టు ఉండేవి. అందులో పదిహేడో చెట్టు కింద వీరవేణి ఇస్త్రీ బండి. పదహారేళ్ళుగా అక్కడే. చేతిలో నిప్పులు నిండిన పెట్టెతో పొద్దస్తమానం నిలబడే మనిషికి నెత్తిమీద ఎండ కూడా ఉంటే ఏమవుతుందో, ఒకసారి బండిని బస్టాండు దగ్గరికి మార్చినప్పుడు తెలిసింది. మూడో రోజున వడదెబ్బ తగిలి కలెక్టరాఫీసు గుమాస్తాగారి తెల్లచొక్కా మీదే పడిపోయింది. చొక్కా కాలింది, మనిషి బతికింది. అప్పట్నుంచి వీరవేణి ఆ చెట్టును వదిలితే ఒట్టు. ఆ చెట్టు ఉంటేనే ఆ బండి, అంతే.

ఇలా ఉండగా చెట్లను కాపాడాలనే ఉత్సాహం పైనుంచి బయల్దేరి మెట్లు దిగుతూ ఆ ఊరికి కూడా వచ్చింది. కొత్త కమిషనర్ గారు దాన్ని ఎదురెళ్ళి తీసుకొచ్చారు. ఊళ్ళో వృద్ధ వృక్షాలను గుర్తించి, వాటిమీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా నిబంధన చెయ్యడానికి ఐదుగురితో కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు కూర్చుని ఒక వాక్యం తయారుచేసింది. "కొలుచు ఉద్యోగి యొక్క ఛాతీ ఎత్తున చుట్టుకొలత రెండు మీటర్లకు తగ్గని చెట్టు వృద్ధ వృక్షముగా పరిగణింపబడును, దానిని తాకరాదు."

ఛాతీ ఎత్తంటే ఎంతో అంకె వేస్తే బాగుంటుందేమోనని ఒక సభ్యుడు గొణిగాడట. అధ్యక్షులవారు, "ఛాతీ లేని ఉద్యోగి మన సంస్థలో ఎవరున్నారండీ?" అని అడిగారు. ఎవరూ లేరు గనుక చర్చ ముగిసింది.

కొలవడం ఓవర్సీర్ల పని. అయితే నిద్రగన్నేరు మానుకు ఎర్రచీమలు ఉంటాయి, జిగురు ఉంటుంది. ఓవర్సీర్లు రోడ్డు మీద నీడలో కుర్చీ వేసుకుని రాసుకుంటామన్నారు, నూకరాజును చెట్టు దగ్గరికి పంపారు. అతను చెప్పులు విప్పి, చెట్టును కావలించుకున్నట్టుగా టేపు చుట్టి, తన ఛాతీ ఎత్తున పట్టుకుని అంకె చదివేవాడు. మాను మొదట్లో లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుందన్నది పశువులు కాసేవాళ్ళకు కూడా తెలిసిన సంగతే. కమిటీలో పశువులు కాసినవాళ్ళు లేరు. నూకరాజు ఛాతీ నేలకు మూడున్నర అడుగుల్లోనే ఉంది. అక్కడ ప్రతి చెట్టూ లావే. పదిహేడో చెట్టు రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వచ్చింది. ఊరు మొత్తం మీద నాలుగు వందల పన్నెండు వృద్ధ వృక్షాలు తేలాయి.

నాలుగు వందలు దాటిన ఊరికి రాజధానిలో ఒక ఫలకం ఇస్తారు. కమిషనర్ గారు వెళ్ళి అందుకుని, దండతో సహా ఫొటో దిగి, ఆ ఫలకాన్ని తన కుర్చీ వెనకాల గోడకి కొట్టించుకున్నారు. మేకు కొట్టింది కూడా నూకరాజే, స్టూలు ఎక్కి.

చిక్కల్లా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చయనులు గారి దగ్గర వచ్చింది. ఆయన కచేరీ రోడ్డు మీద కోర్టు నుంచి బస్టాండు దాకా ఆకాశ నడకదారి కట్టాలని రెండేళ్ళుగా కలలు కంటున్నారు. పైన రేకుల కప్పు, పక్కన స్టీలు కమ్మీలు. ఎందుకయ్యా అంటే, ఫైలు మొదటి పేజీలోనే ఉంది: "ఎండలో నడుచు పౌరులకు నీడ కల్పించు నిమిత్తము." ఆ నీడ కట్టడానికి ముప్పై ఏడు చెట్లు అడ్డం. ఇప్పుడవి ముప్పై ఏడూ వృద్ధ వృక్షాలైపోయాయి. చయనులు గారు కొలతల రిజిస్టరు తెప్పించుకుని ఒక పూటంతా చదివి, నూకరాజును పిలిపించారు.

"ఏవయ్యా, నీ ఎత్తెంత?"

"నాలుగూ పదండి."

"చెప్పులతోనా?"

"ఇప్పేసి కొలుత్తానండి. చెట్టు కదండీ."

చయనులు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నూకరాజూ, నీ మీద నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు. కానీ నీ ఛాతీ ఈ ఊరి అభివృద్ధికి అడ్డంగా ఉంది."

నూకరాజు తన ఛాతీకేసి చూసుకున్నాడు. "మరేం చెయ్యమంటారండి?"

"నువ్వేం చెయ్యగలవులే పాపం," అని ఆయన జాలిపడి, ఆ సాయంత్రమే ఫైల్లో రాశారు. "పరిశీలించగా, సదరు ఉద్యోగి ఛాతీ భూమికి అనుచిత సామీప్యమున ఉన్నట్లు తెలియవచ్చినది. తత్ఫలితముగా నడివయస్సు చెట్లు సైతము అకాల వార్ధక్యమునకు గురియగుచున్నవి. కావున ఉన్నతమైన ఉద్యోగిని నియమించవలెను."

పై జిల్లాలో తోటల విభాగం నుంచి త్రిమూర్తులు అనే ఆయన్ని డెప్యుటేషన్ మీద తీసుకొచ్చారు. ఆరడుగుల మూడంగుళాలు. మంచి మనిషే. చిన్నప్పట్నుంచీ గుమ్మాలకు తల కొట్టుకుని కొట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా వంగి నడవడం అలవాటైపోయినవాడు. చయనులు గారు మాత్రం చెట్టు దగ్గర నిటారుగా నిలబడాలని ఆయనకు లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. త్రిమూర్తులు నిటారుగా నిలబడి, బూట్లు వేసుకుని, ఊపిరి బిగబట్టి కొలిచాడు. టేపు రెండో కొస పట్టుకుంది నూకరాజే. చేతులు పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

వారం తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు వృద్ధ వృక్షాల్లో రెండు వందల ఎనభై ఒకటి పడుచువైపోయాయి. పదిహేడో చెట్టు ఒక మీటరు తొంభై ఆరు. దానిమీద ఎర్రరంగుతో ఇంటూ మార్కు పడింది.

వీరవేణి ఆ మార్కును వేలితో గోకి చూసింది.

"మొన్నటిదాకా ముసలిదన్నారు. ఇయ్యేళ వయసులోకొచ్చేసిందా?" అంది మొగుడితో.

"త్రిమూర్తులు గారు పొడుగు కదే."

"ఆయన పొడుగైతే చెట్టెందుకు సన్నమవ్వాలయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబు నూకరాజు దగ్గరే కాదు, సంస్థ మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. అతను ఆ సాయంత్రం బండి పక్కనే చెట్టు వేరు మీద కూర్చుని, లోకంలో అందరూ తనంత పొట్టిగా పుట్టి ఉంటే బాగుండేదని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

చెట్లు పడుచువైతే కమిషనర్ గారికీ కష్టమే. నూట ముప్పై ఒక్క వృద్ధ వృక్షాలకు ఫలకం ఉంచుకోనివ్వరు. మేకు ఊడదీయించి, ఫలకం తిరుగు టపాలో పంపుకోవాలి. ఆయన అత్యవసర సమావేశం పెట్టి, ఏ ఛాతీ అసలైన ఛాతీయో తేల్చమన్నారు. సమావేశానికి ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారిని కూడా పిలిచారు. ఛాతీ మెడ కింద మొదలై పొట్ట పైన ఆగుతుందని, మధ్యలో అంతా ఛాతీయేనని ఆయన సెలవిచ్చారు. ఊపిరి పీల్చినప్పుడు ఒక ఎత్తు, వదిలినప్పుడు ఒక ఎత్తు ఉంటుందని కూడా చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సాయంత్రం దాకా తర్జనభర్జనలు పడ్డారు. చివరికి సర్క్యులర్ వచ్చింది.

"ఒకటి. కొలుచుటకు అధీకృత ఉద్యోగి శ్రీ త్రిమూర్తులు మాత్రమే. రెండు. కొలుచునప్పుడు పాదరక్షలు ధరింపరాదు. మూడు. ఊపిరి విషయమున ఉద్యోగి తన అంతరాత్మను అనుసరింపవలెను. నాలుగు. ఛాతీ ఎత్తు అనగా ఉద్యోగి ధరించిన చొక్కా యొక్క మూడవ గుండీ ఎత్తు. కాలరు గుండీని లెక్కింపరాదు. ఐదు. చెట్లన్నియు వచ్చే సోమవారము నుండి తిరిగి కొలవబడును."

ఐదో అంశం కమిషనర్ గారు పట్టుబట్టి పెట్టించారు. నాలుగోది చయనులు గారి సూచన. బూట్లు పోయినా త్రిమూర్తులు ఎత్తు తనకు చాలుతుందని ఆయన లెక్క.

నూకరాజు సర్క్యులర్ ప్రతిని బండి దగ్గర వీరవేణికి చదివి వినిపించాడు. ఆమె పెట్టెలో బొగ్గులు ఊదుతూ వింది.

"మూడో గుండీయా?"

"కాలరుది కాకుండా."

"త్రిమూర్తులు గారి చొక్కాలు ఆరూ నా దగ్గిరికే వత్తాయి," అంది వీరవేణి, అదేదో వేరే సంగతైనట్టు.

ఇస్త్రీలో గుండీ పోవడం లోకంలో లేని విషయమేమీ కాదు. పెట్టె అంచు తగిలితే పోతుంది, దారం పాతదైతే పోతుంది. త్రిమూర్తులు గారి ఆరు చొక్కాల్లోనూ రెండో గుండీయే పోవడం, దాని కాజా కూడా మూసుకుపోయి ఉండటం కొంచెం వింతే గానీ, ఒంటరిగా లాడ్జిలో ఉంటూ పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే మనిషి గుండీలు లెక్కపెట్టుకోడు. నాలుగోది మూడోదైంది. నాలుగంగుళాలు కిందకి దిగింది. సోమవారం పొద్దున ఛాతీకి గాలి బాగా తగులుతోందని త్రిమూర్తులు సంతోషించాడు కూడా.

సద్ది డబ్బా కోసం బండి సొరుగు తీసిన నూకరాజుకు అందులో మూత డబ్బీ ఒకటి కనిపించింది. తెరిస్తే ఆరు తెల్లగుండీలు. అతనేమో ఇరవై రెండేళ్ళలో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ చెప్పిన పాపాన పోనివాడు. డబ్బీ మూసి, సొరుగులో పెట్టేసి, పెళ్ళాం ముఖం చూడకుండా టేపు పట్టుకుని వెళ్ళిపోయాడు.

పదిహేడో చెట్టు దగ్గర ఓవర్సీరు మూడో గుండీని వేలు పెట్టి లెక్కపెట్టాడు. నూకరాజు టేపు అక్కడికి చేర్చి, రెండుసార్లు చూసి చదివాడు.

"రెండు మీటర్ల ఒక సెంటీమీటరండి."

వీరవేణి తల ఎత్తలేదు. చేతిలో ఉన్న పంట్లాన్ని మాత్రం అవసరమైన దానికన్నా ఎక్కువసేపు రుద్దింది. ఆ వారం లెక్క నాలుగు వందల మూడు దగ్గర ఆగింది. ఫలకం మేకు మీదే ఉండిపోయింది. ఎర్ర ఇంటూ మార్కు పక్కన, రోడ్డు పొడుగునా ముప్పై ఏడు చెట్ల మీదా, పచ్చరంగుతో "వృద్ధ వృక్షము, తాకరాదు" అని రాశారు. ఆ సాయంత్రం నూకరాజు దంపతులు చెట్టు కింద నిలబడి చెరో జిలేబీ తిన్నారు. ఇద్దరూ గుండీల ఊసెత్తలేదు.

చయనులు గారు ఓడిపోయే మనిషి కాదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, నిబంధన ఒక్కటే ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది పట్టణ ప్రణాళికలో. అనుమతి లేకుండా వేసిన పై అంతస్తులు పడగొట్టించడంలో ఆయనకు జిల్లా అంతటా పేరుంది. ఐదోనాడు ఆఫీసుకు వచ్చి కమిషనర్ గారి ముందు నోట్ పెట్టారు.

"సూచిక: వృద్ధ వృక్ష నిబంధన. సదరు నిబంధన వృక్షమును మూడవ గుండీ ఎత్తున నిర్ధారించుచున్నది. అనగా ఆ ఎత్తు వరకు గల భాగము మాత్రమే నిర్ధారిత వృక్షము. అంతకు పైనున్నది నిర్ధారితము కాని అదనపు నిర్మాణము. దానికి సంస్థ నుండి ఎన్నడును అనుమతి పొందియుండలేదు. ప్లాను లేదు. కావున వృద్ధ వృక్షమును ఏ మాత్రము తాకకుండ, పై అంతస్తులను మాత్రము తొలగించి, ఆకాశ నడకదారికి మార్గము సుగమము చేయవచ్చును."

కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. "అప్పుడు మన వృద్ధ వృక్షాల సంఖ్య?"

"ఒక్కటి కూడా తగ్గదండి. చుట్టుకొలత చుట్టుకొలతే."

"ఫలకం?"

"గోడ మీదే ఉంటుందండి."

కమిషనర్ గారి ముఖం విప్పారింది. పర్యావరణమూ అభివృద్ధీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవాలన్న తన చిరకాల వాంఛ నెరవేరిందని, ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

మిషన్లు బుధవారం పొద్దున్నే వచ్చాయి. ఎక్కడ కొయ్యాలో గీత గీయాలి గదా. త్రిమూర్తులు మాను పక్కన నిలబడ్డాడు, నూకరాజు ఆయన మూడో గుండీ ఎత్తున సుద్దతో గీత గీశాడు. ముప్పై ఏడు చెట్లకూ గీశాడు. పదిహేడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి అతను సుద్ద పట్టుకుని ఆగిపోయాడు. అసలు మూడో గుండీ ఎక్కడుండాలో ఊళ్ళో ఇద్దరికే తెలుసు. అది ఈ గీతకు నాలుగంగుళాలు పైన.

"ఏంటి నూకరాజుగారూ, ఒంట్లో బాలేదా?" అని త్రిమూర్తులు అడిగాడు. ఆయన ముఖమూ ఏమీ బాగాలేదు. ఈ రెండు నెలలూ ఆయన క్యారేజీ విప్పుకుంది ఆ చెట్ల కిందే.

"బానే ఉందండి," అన్నాడు నూకరాజు. గీత గీశాడు.

మధ్యాహ్నానికి కచేరీ రోడ్డు మీద ఆకాశం ఊడిపడింది. ముప్పై ఏడు మొద్దులు, ఒక్కొక్కదాని మీద పచ్చరంగుతో "వృద్ధ వృక్షము, తాకరాదు". కొమ్మల్ని లారీల్లో ఎత్తుకెళ్ళాక రోడ్డు మొదటిసారి తెల్లగా మెరిసింది. వీరవేణి బండి పక్కన నిలబడి ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

"నాలుగంగుళాలు నేనే కొట్టించేశాను కదయ్యా," అంది.

"ఊరుకోవే. నాలుగంగుళాలు పైన ఆపితే మటుకు నీడొచ్చేదా?" అన్నాడు నూకరాజు. ఓదార్పుగా అందామనుకున్నాడు గానీ, ఆ మాట అన్నాక అతనికీ ఏడుపొచ్చింది.

నడకదారి టెండర్లకు ఎవరూ రాలేదు. రెండోసారి పిలిచారు, మూడోసారి పిలుస్తారట. మే నెల మాత్రం పిలవకుండానే వచ్చింది. వీరవేణి నాలుగు కర్రలు పాతి గోనెపట్టా కట్టుకుంది. పట్టా కింద గాలి ఆడదు. పది గంటలకల్లా ఒళ్ళు తడిసి ముద్దవుతుంది. మధ్యాహ్నం నెత్తిన తడిగుడ్డ వేసుకుని రెండు చొక్కాలు రుద్దడం, కాసేపు నేలమీద చతికిలబడటం, మళ్ళీ లేవడం. ఒకరోజు కళ్ళు తిరిగి, చేతిలో నిప్పుల పెట్టెను పక్కనే ఉన్న మొద్దు మీద పెట్టింది. దారినపోతున్న ఓవర్సీరు చూశాడు. మర్నాడు వృక్ష సంరక్షణ విభాగం నుంచి నోటీసు తయారైంది. వృద్ధ వృక్షమును ఉష్ణమునకు గురిచేసి తాకినందుకు సంజాయిషీ కోరుతూ. అందజేయాల్సింది ఆ విభాగంలో ఉన్న ఏకైక ఉద్యోగి, అంటే నూకరాజు. అతను ఆ కాగితాన్ని పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె మడత విప్పకుండా బండి మీద పరిచి, దానిమీద చొక్కా వేసి రుద్దుకుంది.

జూన్ మొదటి వారంలో వార్షిక లెక్క. చెట్లు తగ్గలేదని ధ్రువపరచడానికి పై నుంచి అడిగారు. త్రిమూర్తులు తన జిల్లాకు వెళ్ళిపోయాడు గనుక, మొద్దుకు పై అంచునే కొలిస్తే చాలునని నూకరాజును పంపారు. అతను ముప్పై ఏడు మొద్దులనూ చెప్పులు విప్పే కొలిచాడు. కాళ్ళు కాలాయి. పదిహేడో మొద్దు రెండు మీటర్ల ఒక సెంటీమీటరు. సరిగ్గా ఉంది. ఫారంలో చివర 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో అతను దాన్ని ఎప్పుడూ నింపలేదు. ఓవర్సీరు టీకి వెళ్ళిన సమయం చూసి, పెన్సిలు నాలికకు తడి చేసుకుని, ముప్పై ఏడు గడుల్లోనూ ఒకటే మాట రాశాడు.

"నీడ లేదు."

ఫారం మెట్లెక్కి పైకి వెళ్ళింది. చయనులు గారి బల్ల మీద ఆగి, కమిషనర్ గారి బల్ల మీద ఆగి, పదో రోజున తిరిగి మెట్లు దిగి వచ్చింది. దానికి ఒక మెమో గుచ్చి ఉంది.

"తమ రిమార్కులందు నీడ లేదని పేర్కొనియున్నారు. నీడ యొక్క కొలతకు నిర్ధారిత ఎత్తు ఏదియు నిబంధనలలో లేదు. కావున, సదరు నీడ లేమిని ఏ ఉద్యోగి యొక్క ఏ గుండీ ఎత్తున కొలిచినదీ, ఆ సమయమున పాదరక్షలు ధరించినదీ లేనిదీ మూడు దినములలోగా తెలియజేయవలెను."

నూకరాజు మెమో జేబులో పెట్టుకుని కచేరీ రోడ్డుకు నడిచాడు. ఒంటిగంట అవుతోంది. గోనెపట్టా గాలికి ఒకవైపు చిరిగి వేలాడుతోంది. వీరవేణి తడిగుడ్డ నెత్తిన వేసుకుని, ఎవరి పెళ్ళికో రెండు గంటలకల్లా కావాలన్న పట్టుపంచె మడత పెడుతోంది. అతను ఆమె నెత్తిమీది గుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పొద్దున తడిపిన గుడ్డ ఎండిపోయి, వేడిగా ఉంది.

ఆ పక్కనే తాకరాని మొద్దు మీద కాగితం పెట్టుకుని, గడువింకా రెండు రోజులుండగానే, సమాధానం రాసేశాడు.

"కొలిచిన ఎత్తు: నా భార్య నడినెత్తి. పాదరక్షలు లేవు."